చర్చిల పాత రంగుటద్దాల కిటికీ ఉబ్బింది, అంత తీసేసి కొత్తది పెడ్తమంటున్రు – కాపాడుకునే దారి ఉందా?

కాజీపేట జంక్షన్:

అందరికి నమస్తే. మాది కాజీపేట దగ్గర. మా చర్చి పెద్దదేం కాదు, రైల్వేల పనిచేసినోళ్ళు కట్టుకున్న పాత చర్చి. ఆల్టర్ వెనక ఒక పెద్ద కమాను కిటికీ ఉంటది, గొర్రెపిల్లను ఎత్తుకున్న ఏసుప్రభువు బొమ్మ, చుట్టూ ద్రాక్ష తీగలు, అంత రంగుటద్దాల ముక్కలతోటి చేసింది. పక్క గోడలకు బొమ్మలు లేని చిన్న కిటికీలు ఉన్నయ్, వాటికి ఉత్త రంగులే.

ఇప్పుడు సమస్య ఏందంటే పెద్ద కిటికీ నడుమ భాగం లోపలికి ఉబ్బింది, కింది నుంచి చూస్తేనే తెలుస్తది. వానాకాలం గాలివాన కొట్టినప్పుడల్ల అడుగు నుంచి నీళ్ళు కారి గోడ మీద మరకలు పడ్డయ్. అద్దం ముక్కలు కొన్ని పగిలినయ్, ఒక మూలకు నీలం ముక్క ఊడిపడితే ఎవరో అట్టముక్క పెట్టి టేప్ ఏసిన్రు. అద్దాలను పట్టుకునే నల్లటి పట్టీల మీద అక్కడక్కడ తెల్లగ పొడి లెక్క వచ్చింది. ప్రభువు ముఖం మీద గీతలు గూడ ఒక పక్క మాసినట్టున్నయ్.

ఒక కాంట్రాక్టర్ వచ్చి చూసి, ఇది రిపేరు కాదు, సీసం ఖరాబైంది, మొత్తం తీసేసి టఫెన్డ్ గ్లాసు పెట్టి దాని మీద సేమ్ డిజైన్ ప్రింటు ఫిల్మ్ అతికిస్తం, మెరుస్తది అన్నడు. కమిటీల సగం మంది సరే అంటున్రు. మా పెద్దమనుషులకు మనసొప్పుతలేదు, నాకైతే అసలే ఒప్పుతలేదు, ఎందుకంటె నా చిన్నప్పటి నుంచి పొద్దుగాల ఆరాధన టైముకు ఆ కిటికీల నుంచి రంగులు నేల మీద పడుడు చూస్తనే పెరిగిన. యూత్ వాళ్ళు ముందుగాల యాసిడ్ తోటి కడిగి చూద్దమంటున్రు. తెలిసినోళ్ళు జర చెప్పున్రి, ఇది బాగైతదా, ఎవరు చేస్తరు, అప్పటిదాక మేం ఏం చెయ్యాలె ఏం చెయ్యొద్దు?

సీసం టంకం:

అన్నా, ముందు యూత్ వాళ్ళను ఆపున్రి. యాసిడ్ వద్దు, అమోనియా ఉండే గ్లాస్ క్లీనర్ వద్దు, పీచు వద్దు, సబ్బు పొడి వద్దు. అద్దానికి సీసానికి మధ్య నిండిన లప్పంల సుద్ద ఉంటది, బాత్రూం యాసిడ్ తగిలితే ఆ సుద్ద బుసబుస పొంగి కరిగిపోతది, ఆ తర్వాత నీళ్ళు ఇప్పటికంటె ఎక్కువ లోపలికొస్తయ్. ముఖం మీది గీతలు మిగిలినయ్ గూడ పోతయ్, అవి మళ్ళ రావు.

నేను హుజూరాబాద్ వాణ్ణి, హైదరాబాద్ల గ్లాసు పని చేస్త, పాత కిటికీలు విప్పి మళ్ళ కట్టిన అనుభవం ఉంది. మీరు చెప్పింది చూస్తే ఇది పోయిన కిటికీ కాదు. ఇది ఎట్ల తయారైతదో చెప్త, అప్పుడు కాంట్రాక్టర్ మాట ఎంతవరకు నిజమో మీకే తెలుస్తది.

ఒక్కో రంగు ముక్కను విడిగ కోసి, రెండు దిక్కుల గాడి ఉండే సీసపు పట్టీలల్ల దూరుస్తరు. పట్టీలు కలిసే ప్రతి జాగల టంకం కొడ్తరు. ఆ తర్వాత సుద్ద పొడి, అవిసె నూనె, జర మసి కలిపిన లప్పాన్ని బ్రష్ తోటి గాడిలకు ఎక్కిస్తరు, గట్టిపడ్డంక నీళ్ళు పోవు, ముక్కలు కదలవు. ఇట్ల తయారైన పలకను కిటికీ చట్రంల పెట్టి, అడ్డంగ ఇనుప కడ్డీలు ఏసి, సీసానికి టంకం పెట్టిన రాగి తీగలతోటి ఆ కడ్డీలకు కడ్తరు. బరువంత కడ్డీలు మోస్తయ్.

మరి ఉబ్బుడు ఎందుకైతదంటె సీసం మెత్తటి లోహం, పైగ ఎండకు అద్దం కంటె మూడింతలు ఎక్కువ సాగుతది. మీటరు పొడుగు సీసం 30 డిగ్రీలు వేడెక్కితె ఇంచుమించు 0.9 మిల్లీమీటర్లు పెరుగుతది, అదే అద్దమైతే 0.3 గూడ దాటదు. వరంగల్ ఎండల, రోజూ పగలు సాగి రాత్రి ముడుచుకొని, ఏండ్ల తరబడి అట్లనే అయితె టంకం పక్కన సీసం అలిసిపోయి సన్నగ పగుళ్ళు వస్తయ్. దానికి తోడు రాగి తీగ ఒక్కటి తెగిందనుకోండి, ఆ బరువు మొత్తం కింద పట్టీ మీద పడి నడుమల ఉబ్బుతది. మీరు ఒక టార్చి పట్టుకొని నిచ్చెన ఎక్కి ఫస్టు చూడాల్సింది రాగి తీగలు, ఎన్ని తెగినయ్, కడ్డీలకు తుప్పు పట్టిందా అని. తుప్పు పట్టిన ఇనుము లావైతది, గోడల దిగిన కాడ రాయిని పగలగొడ్తది, అద్దం అంచు మీద గూడ ఒత్తిడి పడ్తది.

సీసం ఖరాబైందన్న మాట నిజమే కావచ్చు. సీసం వందేండ్ల అటుఇటు బతికే వస్తువు, దాన్ని మార్చుడు ఈ పనిల మామూలే, అందుకే సీసంతోటి కట్టిన్రు, విప్పి మళ్ళ కట్టొచ్చని. అద్దం అట్ల కాదు, దాని రంగు లోపలనే కరిగి ఉంటది, నీలంకు కోబాల్టు, ఎరుపుకు రాగి లేకపోతె బంగారం, అది ఎండకు వెలవదు. ప్రింటు ఫిల్మ్ మాత్రం మన ఎండకు వెలుస్తది, అంచులు లేస్తయ్. సీసం మార్చాల్సిన చోట సీసం మార్చమనున్రి, అద్దం ఎందుకు పారేస్తున్నవని ఆయన్ని అడగున్రి.

ఉబ్బిన భాగాన్ని చేతితోటి నెట్టొద్దు, అది ముఖ్యం. ఇన్నేండ్లు మెల్లగ వంగింది, ఒక్కసారి నెడితే అద్దాలు పటపట పగుల్తయ్. పలకను దింపి, బల్ల మీద పరిచి, వెచ్చదనం తగిలేటట్టు పెట్టి, కొంచెం కొంచెంగ బరువు పెంచుకుంట పోతె తిరిగి చదునైతది, తొందర పడితె కాదు.

గడీ దర్వాజ:

తమ్ముడూ, మాది జగిత్యాల దిక్కు. మా అత్తగారోళ్ళ గడీల దర్వాజల పైన కమాన్లకు ఎరుపు, పచ్చ, నీలం, పసుపు అద్దాలు ఉన్నయ్. మీ కిటికీ లెక్క సీసం ఉండదు, టేకు చీలికలు సూర్యకిరణాల లెక్క పరిచి వాటి నడుమ అద్దాలు దూర్చి, చిన్న మొలలతోటి బీడింగ్ కొట్టి లప్పం పెట్టింది. మన కరీంనగర్, వరంగల్ జిల్లాల పాత గడీలల్ల, షావుకార్ల ఇండ్లల్ల ఇట్లాంటివి ఇంకా చాన ఉన్నయ్, ఇల్లు కూలగొట్టినప్పుడు కలప అమ్ముకుంటున్రు, అద్దాలు పగలగొట్టి మట్టిల కలుపుతున్రు, చూస్తే కడుపు తరుక్కుపోతది.

మా దాంట్ల పాత లప్పం గట్టిపడి రాయైంది. మా వడ్లాయన తెలివైనోడు, ఉలి పెట్టి కొట్టలేదు, అవిసె నూనె పూసుకుంట పూసుకుంట నానబెట్టి, బీడింగ్‌ను సన్నటి పట్టీ కత్తితోటి ఒక దిక్కు నుంచి మెల్లగ లేపిండు, మొలలు వంగితే పడేసి కొత్తయి ఏసిండు గని కట్టె పాతదే పెట్టిండు. అద్దం ఒక్కటి గూడ పోలే.

నీ నీలం ముక్క సంగతి చెప్త. ఊడిపడ్డ ముక్కలు నలిగినా సరే ఎవరి ఇంట్ల ఉన్నయో అడిగి తెప్పించు, ఒక డబ్బల పెట్టి ఏ మూలదో రాసిపెట్టు. ఎందుకంటె రంగు కలిపి చూసుకోవాలంటె ఆ ముక్కనే కావాలె. మేం ఒక ఎర్ర అద్దం కోసం ఎంత తిరిగినమో, బజార్ల దొరికే ఎరుపు వేరే ఎరుపు, వెలుగుల పెడితె నారింజ కొడ్తది. చివరికి పాత దర్వాజలు కిటికీలు అమ్మే దుకాణంల, కూలగొట్టిన ఇంటి కమానుల దొరికింది. ఇంకో ముచ్చట, పాత ఎర్రటద్దాలల్ల కొన్ని మొత్తం ఎరుపు ఉండవు, తెల్లటద్దం మీద సన్నటి ఎర్ర పొర ఉంటది, అంచు చూస్తే తెలుస్తది, అసుంటిదాన్ని ఆ పొర దిక్కు గీకితే తెల్లమరక శాశ్వతంగ పడ్తది.

బొమ్మలు లేని పక్క కిటికీలు ముందు బాగుచేయించు. పనోడి చెయ్యి ఎట్లుందో అక్కడనే తెలుస్తది, తర్వాత ప్రభువు బొమ్మ దగ్గరికి పోవచ్చు.

కాజీపేట జంక్షన్:

అక్కా, అన్నా, చాన థ్యాంక్స్. ఇయ్యాల టార్చి తీస్కొని ఎక్కి చూసిన. నడుమ కడ్డీకి కట్టిన రాగి తీగలు చాన వరకు తెగినయ్, కడ్డీ మీద తుప్పు పొరలు పొరలుగ ఉంది. నీలం ముక్క మా సెక్స్టన్ (చర్చిని చూసుకునే ఆయన) ఇంట్ల బీరువాల భద్రంగ ఉందట, ఆయన కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్ అది అడిగితే.

ఇంకో మాట అడుగుత. పోయిన వానాకాలం ముందు ఎవరో మంచి ఉద్దేశంతోనే కింది అంచుకు బజార్ల దొరికే సిలికాన్ పెట్టిన్రు. తెల్ల పొడి ఎక్కువ ఆ దగ్గర్లనే ఉంది. రెండింటికి సంబంధం ఉందా? మా పిల్లలు సండే స్కూలుకు ఆ కిటికీ కిందనే కూసుంటరు, అది విషమా అని భయమైతుంది.

ల్యాబ్ కోటు:

నేను హన్మకొండల కెమిస్ట్రీ చెప్త, ఈ ప్రశ్నకు నేను రాస్త. ట్యూబు పిండుతుంటె వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఉంటది సూడు, అది గట్టిపడేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ ఆవిరి వదులుతది. సీసానికి ఆ ఆవిరి పడదు. యాసిడ్, తేమ, గాలిల ఉండే కార్బన్ డయాక్సైడ్ మూడు కలిసి సీసాన్ని తెల్లటి సీసపు కార్బొనేటుగ మారుస్తయ్. పాతకాలంల తెల్ల రంగు కోసం ఇదే పద్ధతిల సీసం ముక్కలను వెనిగర్ ఆవిరి పట్టించి తయారు చేసేటోళ్ళు. కాబట్టి సంబంధం ఉందనే నా అంచనా, వాసన గుర్తుంటే అడగండి. తేమ నిలిచే చోట సిలికాన్ లేకున్న గూడ ఇది వస్తది, కొత్త పచ్చి కట్టె నుంచి వచ్చే ఆవిరికి గూడ వస్తది.

ఇగ పిల్లల సంగతి. ఆ పొడి సీసపు సమ్మేళనమే, నోట్లకు పోతె విషమే, పిల్లలకు ఇంకా ఎక్కువ హాని. భయపడి చర్చి మూసుకోనవసరం లేదు గని పిల్లలను ఆ కిటికీ కింద నుంచి వేరే దిక్కు కూసోబెట్టండి, ఈ వారమే. కిటికీ గట్టు మీద, కింద నేల మీద పొడి చీపురుతోటి ఊడ్వద్దు, దుమ్ము లేస్తది. తడిగుడ్డతోటి తుడిచి ఆ గుడ్డను కవర్ల కట్టి పారేయండి, మళ్ళ ఉతికి వాడొద్దు. తుడిచేటోళ్ళు గ్లోవ్స్, మంచి మాస్కు పెట్టుకోవాలె, అయిపోయినంక సబ్బుతోటి చేతులు కడిగినంకనే చాయ్ నీళ్ళు ముట్టాలె, ఆ బట్టలు ఇంట్ల పిల్లల బట్టలతోటి కలిపి ఉతకొద్దు. పట్టీల మీద ఉన్న పొడిని మాత్రం మీరు ముట్టకండి, పని తెలిసినోళ్ళకే వదిలేయండి. గర్భిణీలు ఈ పని దగ్గరికే రావొద్దు.

సీసం కరగడానికి 327 డిగ్రీలు కావాలె, టంకం 190 దగ్గర్లనే కరుగుతది, పద్ధతిగ చేస్తే టంకం కొట్టేటప్పుడు సీసం ఆవిరి పెద్దగ రాదు, ఆ పొగ ఎక్కువ, టంకం పట్టేటందుకు పూసే ఫ్లక్స్‌ది. అసలు ప్రమాదం చేతుల నుంచి నోటికి పోయేది, దుమ్ము పీల్చేది. మీ ఊర్లె పని జరిగితే చర్చి లోపల కాకుండ వేరే గదిల పెట్టించండి.

మెతుకుసీమ:

మాది మెదక్. మీ కమిటీల ఫిల్మ్ కావాలనేటోళ్ళను ఒక రోజు బస్సెక్కించి మా చర్చికి తీసుకరాండ్రి, పగటిపూట రావాలె, ఎందుకంటె బయట వెలుగు ఉంటేనే ఆ బొమ్మలు కనబడ్తయ్, చీకటి పడ్డంక లోపల ఎన్ని లైట్లేసిన కనబడవు. 1914ల మొదలుపెట్టి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేసిన చర్చి అది, కరువు కాలంల చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర జనానికి పని చూపించి తిండి పెట్టుకుంట కట్టించిండు. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం అని మూడు కిటికీలు, ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినయ్. మా దిక్కు క్రైస్తవులే కాదు, హిందువులు ముస్లింలు అందరు వచ్చి చూస్తరు. ఏ ప్రింటు ఆ వెలుగు ఇయ్యదు, ఒకసారి ఆ నేల మీద నిలబడితే మీ వాళ్ళకు నేను చెప్పాల్సిన పని ఉండది.

మన దగ్గర పాత చర్చిలన్నిట్ల ఇట్లాంటి అద్దాలు లేవు గూడ. మీకు దగ్గర్ల డోర్నకల్ కెథడ్రల్ తీసుకోండ్రి, అజరయ్య బిషప్ కాలంల కట్టి 1939ల ప్రతిష్ఠ చేసింది, దాని అందం వేరు, గుడి స్తంభాలు, గుమ్మటాలు కలిపి కట్టింది. అందుకే ఉన్న చోట బొమ్మల కిటికీ పోగొట్టుకుంటే జిల్లాల ఇంకోటి వెతుక్కోవాలె.

ఒక జాగ్రత్త చెప్త. బాగైనంక రాళ్ళ నుంచి, వాన నుంచి కాపాడనీకె బయట ప్లాస్టిక్ షీటు బిగిద్దామంటరు, గాలి ఆడకుండ బిగించొద్దు. రెండింటి నడుమ వేడి, తేమ చిక్కుకపోయి లోపలి సీసం ఇంకా తొందరగ పాడైతది, ప్లాస్టిక్ గూడ కొన్నేండ్లకు పసుపు పచ్చగ మారి రంగులన్ని చంపుతది. పెట్టాలంటె లామినేటెడ్ గ్లాసు, నడుమ ఖాళీ, పైన కింద గాలి పోయే సందులు ఉండాలె. పావురాలకైతే బయట దూరంగ వల చాలు.

సీసం టంకం:

మెతుకుసీమ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు.

కాజీపేట అన్నా, ముఖం మీది గీతల గురించి ఇంకా చెప్పలే. ఆ గీతలు ఇనుప ఆక్సైడ్, అద్దం పొడి కలిపి గీసి, బట్టీల 600 డిగ్రీలు దాటించి కాల్చినయ్, అద్దంలకు దిగిపోతయ్. సరిగ్గ కాలకపోతే మాత్రం ఏండ్లు గడిచినంక పొలుసులుగ రాల్తయ్. మీది ఒక పక్కనే మాసింది అంటున్నరు గాబట్టి రాల్తుండొచ్చు. భూతద్దంతోటి చూడండి, ముట్టకుండ. పొలుసులు లేసినట్టు కనబడితే అక్కడ దూది గూడ తగలనీయొద్దు. రంగు ఎక్కడ గట్టిగ ఉందో అక్కడ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ల దూది ముంచి, పిండి, రుద్దకుండ దొర్లిస్తే చాలు, మాసిన దుమ్ము వస్తది. పోయిన గీతలను ఏ ఆర్టిస్టుతోటి పాత అద్దం మీద ఎనామిల్ పెయింటు ఏపించొద్దు. అవసరమైతే వెనక ఇంకో పల్చటి అద్దం మీద గీతలు గీసి కాల్చి దీని వెనక పెట్టొచ్చు, అప్పుడు అసలుది అసలుదిగనే ఉంటది, రేపు ఎవరికన్న నచ్చకపోతె తీసేయొచ్చు. కార్పస్ విట్రియారం అని పాత రంగుటద్దాల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ గూడ ఇదే చెప్తది, వీలైనంత తక్కువ ముట్టాలె, చేసింది మళ్ళ విప్పేటట్టు ఉండాలె.

పగిలిన ముక్కలు మార్చకండి. నీళ్ళ లెక్క పల్చగ ఉండి పగుల్లకు దానంతటదే పాకే ఎపాక్సీ ఉంటది, అరాల్డైట్ 2020 అంటరు, కిరాణ షాపుల దొరికే మామూలు అరాల్డైట్ కాదు, అది కొన్నాళ్ళకు పసుపైతది. పగులు అతికితే అడుగు దూరం నుంచి కనబడది. బొమ్మలేని చోట పెద్ద పగులైతే అంచులకు సన్నటి రాగి టేపు చుట్టి టంకం కొట్టుకోవచ్చు.

పనోణ్ణి పరీక్షించే తీరు: ఏం ఫ్లక్స్ వాడుతవని అడుగు. జింక్ క్లోరైడ్ ఉండే యాసిడ్ ఫ్లక్స్ అంటే వద్దను, అది మిగిలిపోయి లోపల తినుకుంట పోతది. స్టియరిన్, ఓలియిక్ యాసిడ్ అంటే పని తెలిసినోడు, అవి కొవ్వు జాతివి, పేరుల యాసిడ్ ఉన్నా అట్ల తినవు. తీసే ముందు ఫొటోలు తీస్తవా, ప్రతి ముక్కకు నంబరు ఏస్తవా అని అడుగు. మొత్తం కొత్త సీసం ఏస్త అని చూడకముందే అన్నడంటే గూడ నమ్మకు, మంచిగున్న పట్టీలను ఎందుకు తీయాలె, చాన చోట్ల ఉత్త టంకం మళ్ళ కొడితే, రాగి తీగలు కొత్తయి కడితే సరిపోతది. ఇంటాక్ అని పాత కట్టడాలను కాపాడే సంస్థ ఉంది, దాని హైదరాబాద్ చాప్టర్‌కు ఫొటోలు పెట్టి ఉత్తరం రాయండి, పాత కట్టడాల పని చేసినోళ్ళ గురించి అడగొచ్చు.

అప్పటిదాక, లోపలి దిక్కు ప్లైవుడ్‌కు మెత్తటి ఫోమ్ అతికించి, ఉబ్బిన దానికి ఆనీ ఆననట్టు నిలబెట్టండి, దాని బరువు, బిగింపు గోడ చట్రానికే ఉండాలె, అద్దాన్ని వెనక్కి నెట్టొద్దు. వానలకు ముందే చెయ్యండి.

కాజీపేట జంక్షన్:

అన్నా, అందరి మాటలు ప్రింటు తీసి కమిటీ ముందట పెట్టిన. ప్రింటు ఫిల్మ్ సంగతి ఇప్పటికైతే ఆగింది. పక్క కిటికీ ఒకటి ముందు చేయించి చూద్దమని ఒప్పుకున్నరు, మెదక్ పోయే బస్సు గూడ మాట్లాడుతున్రు. పిల్లలను ఎడమ దిక్కు బెంచీలకు మార్చినం. వెనిగర్ వాసన సంగతి అడిగిన, పెట్టినాయన ఔను మస్తు వాసనొచ్చింది అన్నడు. ఆ సిలికాన్‌ను ఇప్పుడు పీకాల్నా, ఉండనియ్యాల్నా?

ల్యాబ్ కోటు:

గట్టిపడ్డంక ఆవిరి వచ్చుడు ఎప్పుడో ఆగిపోయి ఉంటది, కాబట్టి ఆత్రపడి పీకొద్దు, పీకేటప్పుడు సీసం, అద్దం అంచు దానితోటే వస్తయ్. పలక దింపినప్పుడు బల్ల మీద బ్లేడుతోటి మెల్లగ కోసుకోవచ్చు. కొత్తగ మాత్రం పెట్టకండి. ఒకవేళ చట్రం, గోడ నడుమ వానకు ఏదన్న పెట్టక తప్పదంటె న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న ట్యూబు అడగండి, వెనిగర్ వాసన ఉండది, అది గూడ సీసానికి తగలకుండ.

గడీ దర్వాజ:

తమ్ముడూ, ఫొటోలు తీసేటప్పుడు లోపలి నుంచి, బయటి నుంచి రెండూ తియ్యి, పొద్దుగాల ఒకసారి, వెలుగు నేరుగ పడనప్పుడు ఒకసారి. ఒక స్కేలు పక్కన పెట్టి తీస్తే కొలతలు గూడ తెలుస్తయ్. గట్టిగున్న పక్క కిటికీలకైతే తెల్ల కాయితం ఆనిచ్చి మైనం పెన్సిల్ తోటి పైపైన రుద్దితే సీసం గీతలన్ని అచ్చు పడ్తయ్, మేం కమానుకు అట్లనే చేసినం, ముక్క ఏ జాగదో తప్పిపోకుండ ఉండె. ఉబ్బినదానికి మాత్రం కాయితం ఆనిచ్చకు, దాన్ని ఫొటోతోనే సరిపెట్టుకో.